డీజిలు లారీలో ఉష్ణశలాకకు తగిన చోటు

మాఘ ఫాల్గుణములలో వేల్పూర్ మండలమున పసుపు ఉడుకబెట్టి, కళ్ళములలో ఆరబోసి, డ్రమ్ములలో మెరుగుపట్టి బస్తాల కెత్తుట మొదలైనంతనే, ఆ ప్రాంతపు లారీలకు తీరిక యన్నది లేకుండ పోవును. కొన్ని ఆర్మూర్ మీదుగా నిజామాబాదు మార్కెటు యార్డుకు చేరి ఆగును. కొన్ని మెరుగైన ధర నాశించిన రైతుల సరుకును మహారాష్ట్రములోని సాంగ్లీ దాక మోసికొనిపోవును. మక్కలు, ఎర్రజొన్నలు నింపుకొన్న మరికొన్ని గోదావరి దాటి, నిర్మల్ మీదుగా నాగపూరు దారి పట్టును. ముదురుచున్న ఎండలో, నిండు లోడుతో, గంటల తరబడి ఏకధాటిగా లాగుచున్న ఆ ఇంజను లోపల ఏమి జరుగుచున్నదో డ్రైవరునకు తెలుపు ఆనవాళ్ళు మూడు: నీటి వేడిని చూపు ముల్లు, ఆయిలు ఒత్తిడిని చూపు ముల్లు, అద్దములో కనబడు పొగ రంగు. ఈ మూడును నిజమే చెప్పును గాని ఆలస్యముగా చెప్పును. అగ్నికి మిక్కిలి సమీపమున నిలిచి, దాని తీవ్రతను ఎప్పటికప్పుడు తెలుపగల నాలుగవ సాధనమొకటి కలదు. ఇంజను నుండి వెలువడు దగ్ధవాయువుల మార్గములో గ్రుచ్చునట్టి ఉష్ణశలాక, మెకానికుల మాటలో ఎగ్జాస్టు టెంపరేచరు సెన్సారు, ఆ నాలుగవది. దానిని కొనుట సులభము. బిగించుట కొంత శ్రమతో కూడిన పని. ఎక్కడ బిగించవలెనో నిర్ణయించుటయే అసలు విద్య. చోటు తప్పిన శలాక అబద్ధమాడదు, కాని మనము అడుగని ప్రశ్నకు జవాబు చెప్పును. ఆ జవాబును నమ్మి ఇంజనును లాగించువాడు నష్టపడును.

ఈ ప్రాంతపు లారీల మీద పడుచున్న శ్రమకు కొంత చరిత్ర కలదు. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు ఆనకట్ట వలన బోధను ప్రాంతము చెరకు సీమగా మారినది. 1930ల చివర బోధనులోని శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగరు ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియా ఖండమునందలి అతిపెద్ద చక్కెర కర్మాగారముగా పేరొందినది. చేనుకును ఫ్యాక్టరీకిని నడుమ దూరము స్వల్పమైన కాలమది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడిన పిమ్మట, ఇంకను చెరకు వేయుచున్న రైతు తన పంటను కామారెడ్డి జిల్లాలోని మిల్లుల వంటి దూరపు మిల్లులకు పంపుకొనవలసి వచ్చినది. నరికిన చెరకు నిలువ ఉన్నకొలది దానిలోని చక్కెర తరుగును గనుక, దారిలో ఆపి ఇంజనును చల్లబరచుటకు లారీవాని మనసొప్పదు. దీనికి తోడు 2018 జూలైలో కేంద్రప్రభుత్వము ఇరుసుల భారపరిమితులను పెంచుటతో, పది టైర్ల లారీ సరుకుతో సహా తూగదగిన బరువు 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెరిగినది.

ఆ బరువు ఎక్కుడులో ఏమగునో లెక్కకట్టి చూతము. నిర్మల్ దాటిన తరువాత పాత జాతీయరహదారిలో తగులు మహబూబ్ ఘాటు నిజామాబాదు జిల్లా డ్రైవర్ల కందరికిని ఎరుకపడినదే. ఒకానొక ఘాటులో నూరడుగుల దూరమునకు ఐదడుగుల ఎత్తు పెరుగుననియు, 28.5 టన్నుల లారీ దానిని గంటకు 30 కిలోమీటర్ల వేగముతో ఎక్కుచున్నదనియు అనుకొందము. బరువును పైకి లాగుటకే రమారమి 116 కిలోవాట్లు, చక్రముల దొర్లుడు నిరోధమును గెలుచుటకు మరి 18 కిలోవాట్లు, వెరసి దరిదాపు 180 అశ్వశక్తి చక్రముల యొద్ద కావలెను. గేర్లలోను ఇరుసులలోను పోవు నష్టమును గూడ కలుపుకొన్నచో, 180 అశ్వశక్తి తరగతి ఇంజనున కది శక్తికి మించిన పని; వేగము పడిపోవును, గేరు దిగును, యాక్సిలరేటరు నేలకు ఆని అట్లే యుండును. చదునైన దారిలో పగలంతయు నడచినను ఇంజనుకు తగులని వేడి ఆ ఎక్కుడులోని కొద్ది నిమిషములలో తగులును.

ఆ వేడి ఎట్లు పుట్టుచున్నదో గ్రహించినగాని శలాక చూపు అంకెకు అర్థము తెలియదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపిన ఇంజను సూత్రమే నేటికిని మన లారీలను నడుపుచున్నది: గాలిని మాత్రమే సిలిండరులోనికి పీల్చి, దానిని తీవ్రముగా నొక్కి వేడెక్కించి, ఆ వేడి గాలిలోనికి ఇంధనమును చిమ్ముట. పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనము రెండును ఒక నియతమైన పాలులో కలిసి లోపలికి వచ్చును. యాక్సిలరేటరు ఆ రెంటిని కలిపి పెంచును, కలిపి తగ్గించును. డీజిలు ఇంజనులో అట్లు గాదు. సిలిండరు ప్రతిసారియు తనకు పట్టినంత గాలిని పీల్చుకొనును. డ్రైవరు పాదము మార్చునది ఇంధనపు పరిమాణమును మాత్రమే. ఒక కిలో డీజిలు సంపూర్ణముగా కాలుటకు సుమారు 14.5 కిలోల గాలి చాలును. ఇంజను ఊరక తిరుగుచున్నప్పుడు అంతకు ఎన్నియో రెట్ల గాలి లోపలికి పోవుచుండును గనుక, పుట్టిన కొద్దిపాటి వేడి ఆ గాలియంతటికిని పంచబడి దగ్ధవాయువులు చల్లగానే వెలువడును. లోడు పెరిగి ఇంధనము హెచ్చినకొలది ఆ మిగులు గాలి తరుగుచు వచ్చును. కిలో డీజిలుకు 20 కిలోల గాలి దరిదాపునకు దిగునప్పటికి పొగ నలుపెక్కును, వాయువుల వేడి శిఖరమునకు చేరును.

కావున దగ్ధవాయువుల వేడి ఇంధనమునకును గాలికిని గల నిష్పత్తికి సాక్షి. ఇంధనమును పెంచినను ఆ వేడి పెరుగును, గాలిని తగ్గించినను పెరుగును. ‘పికప్పు’ చాలలేదని పంపు పెంచి డీజిలు ఎక్కువగా పోవునట్లు చేయించుకొనుట మన లారీ యజమానులలో పరిపాటి; అది మొదటి కారణము. దుమ్ముతో నిండిన ఎయిరు క్లీనరు, పగిలిన రబ్బరు గొట్టము, గాలి కారుచున్న ఇంటర్‌కూలరు, అరిగిన టర్బో, ఇవన్నియు రెండవ కోవలోనివి. మన ఎండలు గూడ రెండవ కోవలోనివే యని చాలమందికి తోచదు: వైశాఖమున నిజామాబాదులో గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు, 20 డిగ్రీల గాలితో పోల్చినచో దాని సాంద్రత నూటికి ఎనిమిది పాళ్ళు తగ్గును. అనగా అదే లారీ, అదే లోడు, అదే ఘాటు, అదే డ్రైవరు; అయినను ధనుర్మాసపు ఉదయమున లేని వేడి వైశాఖపు మధ్యాహ్నమున ఇంజనులో పుట్టును. నీటి వేడిని చూపు ముల్లు దీనిని వెంటనే చెప్పజాలదు. రేడియేటరు, థర్మోస్టాటు, ఇంజనులోని నీరు, ఇవన్నియు కలిసి వేడిని ఒక స్థాయిలో నిలుపుటకే యేర్పడినవి గనుక, అవి ఓడిపోయిన తరువాత గాని ఆ ముల్లు కదలదు.

అంకెలలో చెప్పవలెనన్నచో, ఊరక తిరుగుచున్న డీజిలు ఇంజనులో టర్బోకు ముందు వాయువుల వేడి 100 నుండి 200 డిగ్రీల సెల్సియసు నడుమ నుండును. లోడుతో చదునైన దారిలో 350, 450 డిగ్రీల నడుమ తిరుగును. ఘాటులో నిండు శక్తితో లాగునప్పుడు 600 దాటి 700 వైపు ఎగబ్రాకును. ఎక్కువసేపు 700 డిగ్రీలను మించనీయరాదన్నది లారీ ఇంజనుల విషయమున విస్తారముగా పాటింపబడుచున్న హద్దు. ఇంజను నిర్మాత వేరొక హద్దును చెప్పినచో దానినే పాటింపవలెను.

ఇచ్చట ఆలోచనాపరుడైన పాఠకునకు ఒక సందేహము కలుగక మానదు. పిస్టనులు అల్యూమినియపు మిశ్రలోహముతో చేయబడును. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీల వద్ద కరగును. మరి 700 డిగ్రీల వాయువులను వెలువరించు సిలిండరులో, అందునను దహనక్షణమున 2000 డిగ్రీలకు పైబడిన జ్వాల క్రింద, పిస్టను ఎట్లు నిలిచియున్నది? ఆ జ్వాల కొన్ని మిల్లీసెకండ్లలో ఆరిపోవును. మరుక్షణమే చల్లని గాలి వచ్చి పిస్టను నెత్తిని తాకును. క్రింది నుండి ఆయిలు ధార దానిని తడుపుచుండును. ప్రక్కల నుండి రింగుల ద్వారా లైనరుకు, లైనరు నుండి నీటికి వేడి ప్రవహించిపోవును. వచ్చు వేడికిని పోవు వేడికిని సమతౌల్యము కుదిరిన చోట పిస్టను బ్రదుకును. వాయువుల వేడి హద్దు మీరినప్పుడు ఆ సమతౌల్యము చెడును. లోహము కరగుట చివరి ఘట్టము. అంతకు చాల ముందే దాని బలము సన్నగిల్లి, పిస్టను నెత్తిపై గిన్నె అంచులు బీటలువారును, రింగులు తమ గాడులలో పట్టుకొనిపోవును, పిస్టను ఉబ్బి లైనరును ఒరయును. వాల్వుల నడుమ హెడ్డు పగులుట, మానిఫోల్డు ప్యాకింగు కాలుట, టర్బో బేరింగు చెడుట, ఇవి ఆ తోవలోనే ఎదురగు మజిలీలు. ఇంజను పట్టేసిన నాడు షెడ్డులో వినబడు ‘ఉన్నట్టుండి పోయినది’ అన్న మాట చాల సందర్భములలో నిజము గాదు. అది పలు ఘాటులలో కొంచెము కొంచెముగా పోయియుండును, చెప్పువారు లేకపోయిరి.

ఇక ఆ చెప్పు సాధనమును చూతము. 1821లో థామస్ సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, రెండు వేర్వేరు లోహముల తీగెలను కొసల వద్ద కలిపి, ఒక అతుకును వేడిచేసి రెండవదానిని చల్లగా ఉంచినచో, ఆ వలయములో విద్యుత్ప్రభావము కలుగునని కనుగొనెను. ఉష్ణశలాక ఆ సత్యము మీదనే నిలిచియున్నది. లారీలకు వాడు శలాకలలో సామాన్యముగా ‘కె’ తరగతి జంట, అనగా నికెలు-క్రోమియము తీగెయు నికెలు-అల్యూమినియము తీగెయు, ఒక సన్నని ఉక్కు తొడుగులో అమరియుండును. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టుల చొప్పున అది విద్యుత్పీడనమును పుట్టించును. శలాక కొస 700 డిగ్రీల వద్దను, డ్యాష్‌బోర్డులోని మీటరు 45 డిగ్రీల వద్దను ఉన్నచో, నడుమ పుట్టునది సుమారు 27 మిల్లీవోల్టులు మాత్రమే. ఇంత స్వల్పమైన సంకేతమును మోసికొనిపోవు తీగెల విషయమున ఎంత జాగ్రత్త కావలెనో తరువాత చెప్పెదను. ముందు చోటు సంగతి.

చోటును గూర్చిన ప్రధానవివాదము టర్బోకు ముందా, వెనుకనా యన్నది. పారిపోవు వాయువుల వేడిని, ఒత్తిడిని వినియోగించి గాలిని ఇంజనులోనికి త్రోయవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకీ 1905లోనే పేటెంటు పొందెను. టర్బో యన నదియే. దగ్ధవాయువులు ఒక ప్రక్క చక్రమును త్రిప్పును, అదే ఇరుసునకు రెండవ కొసనున్న చక్రము గాలిని ఒత్తును. ఆ పనికి కావలసిన శక్తి వాయువుల వేడి నుండియే పోవలెను గనుక, టర్బోలో జొరబడిన వాయువుకంటె బయటికి వచ్చిన వాయువు చల్లగా నుండితీరును. ఎంత చల్లగా? టర్బోకు ముందటి ఒత్తిడి వెనుకటి ఒత్తిడికి రెండింతలై, ముందటి వేడి 700 డిగ్రీలై, టర్బో చక్రపు సామర్థ్యము నూటికి 70 పాళ్ళైనచో, వెనుకటి వేడి రమారమి 108 డిగ్రీలు తక్కువగా ఉండును. ఒత్తిడి రెండున్నర రెట్లైనచో ఆ తగ్గుదల 140 వరకు పోవును. చదునైన దారిలో, 400 డిగ్రీల వద్ద, ఒత్తిడి 1.4 రెట్లుగా ఉన్నప్పుడు అది 40కి లోపే. ఊరక తిరుగుచున్నప్పుడు లేదనియే చెప్పవచ్చును.

‘వెనుక బిగించి, చూపిన అంకెకు నూరో నూటయిరువదియో కలుపుకొన్న చాలదా?’ అని అడుగువారికి ఈ లెక్కయే సమాధానము. కలుపవలసిన అంకె స్థిరముగా నుండదు. లోడుతో పాటు మారును. లోడు మిక్కుటమై, నిజము తెలియుట మిక్కిలి అవసరమైనప్పుడే అది మిక్కిలి పెద్దదగును. వెనుకటి ముల్లు 560 వద్ద నిలిచి డ్రైవరునకు ధైర్యము చెప్పుచుండగా, ముందు వాయువు 700ను తాకుచుండవచ్చును. రెండవ లోపము ఆలస్యము. టర్బో డొల్ల బరువైన పోతయినుము. ఎక్కుడు మొదలైన తొలి క్షణములలో వచ్చిన వేడిలో కొంత ఆ ఇనుమే త్రాగివేయును, కావున వెనుకటి ముల్లు తీరికగా లేచును. పాదము ఎత్తినప్పుడు దీనికి విపరీతము జరుగును: ముందటి వాయువు చల్లబడినను, కాగిన డొల్ల తన వేడిని వాయువున కిచ్చుచుండుటచే, వెనుకటి ముల్లు పైననే నిలుచును.

వెనుక బిగించుటను సమర్థించువారి వాదములోను బలమున్నది, దానిని కొట్టివేయరాదు. శలాక కొస విరిగినచో, ముందున్నది నేరుగా టర్బో చక్రము మీద పడును. లారీ టర్బో నిమిషమునకు లక్ష చుట్ల దరిదాపున తిరుగునది. అంత వేగములో చిన్న లోహపు తునక గూడ రెక్కలను నాశనము చేయును. వెనుక ఉన్నచో ఆ తునక సైలెన్సరులో పడియుండును. ఈ భయము నాసిరకపు శలాకల విషయమున న్యాయమైనదే. కాని తగిన మందము గల తొడుగుతో, అధికోష్ణమునకు తాళు ఉక్కుతోనో నికెలు మిశ్రలోహముతోనో చేసిన మేలురకపు శలాక విరుగుట అరుదు. అరుదైన ప్రమాదమునకు వెరచి నిత్యమైన అజ్ఞానమును ఎంచుకొనుట తగదని నా అభిప్రాయము. ఇంజనును కాపాడుకొనుటయే ఉద్దేశమైనచో శలాక టర్బోకు ముందే ఉండవలెను. మానిఫోల్డునకు రంధ్రము చేయుటకు ఏ కారణము చేతనైనను వీలుపడనివారు వెనుక బిగించుకొందురు గాక. అప్పుడు టర్బో ముఖమునకు జానెడు దూరము లోపల, ఎగ్జాస్టు బ్రేకు పలకకు ముందు, తిన్ననైన గొట్టములో బిగించుకొని, ఆ ముల్లు నిండు లోడులో 550 దాటకుండ చూచుకొనవలెను.

టర్బోకు ముందు అన్నంత మాత్రమున చోటు నిర్ణయమైనట్లు గాదు. మానిఫోల్డులో సిలిండరున కొక కొమ్మ చొప్పున కొమ్మలు బయలుదేరి, టర్బో ముఖము వద్ద కలియును. ఏదేని ఒక కొమ్మలో బిగించిన శలాక ఆ ఒక్క సిలిండరు సంగతియే చెప్పును. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలును గాని, ఆరు సిలిండర్ల ఇంజను ఒక కుండ గాదు, ఆరు పొయ్యిల మీది ఆరు కుండలు. ఒక నాజిలు కారుచున్నను, ఒక వాల్వు సందు తప్పినను, ఆ కుండ వేరుగా మాడును. అంతేగాక, నాలుగు స్ట్రోకుల చక్రములో ఎగ్జాస్టు వాల్వు తెరచియుండునది రమారమి మూడవ వంతు కాలము మాత్రమే గనుక, ఒక్క కొమ్మలోని శలాకకు వేడి గాలి కొంతసేపు తగిలి, కొంతసేపు తగులక, చూపు అంకె వాస్తవమునకు తగ్గును. కొమ్మలు కలియు చోట అట్లు గాదు. నిమిషమునకు 1800 చుట్ల వద్ద ఆరు సిలిండర్ల ఇంజను సెకండుకు 90 మార్లు దగ్ధవాయువును విడుచును; ఆ ప్రవాహములో నిలిచిన శలాకకు ఎడతెగని స్నానము. కావున కొమ్మలన్నియు కలిసిన తరువాత, టర్బో ముఖమునకు రెండు మూడంగుళములు ఇవతల నున్న భాగమే ఉత్తమస్థానము.

మరియొక మెలిక కలదు. చాల లారీలలో మానిఫోల్డు లోపల నిలువుగా ఒక అడ్డుగోడ యుండి, ముందటి మూడు సిలిండర్ల వాయువును, వెనుకటి మూడు సిలిండర్ల వాయువును టర్బో చక్రము దాక వేరువేరుగా నడుపును. ఒకదాని దెబ్బ మరియొకదానికి తగులకుండుటకై చేసిన యేర్పాటది. అట్టి మానిఫోల్డులో శలాక ఒక సగము సంగతినే చెప్పగలదు. నడిమధ్యను తొలిచినచో బర్మా ఆ గోడనే తినివేయును. గోడలో ఇరుకుకొన్న శలాక వాయువును గాక ఇనుమును కొలుచును. సాధారణముగా వెనుకటి సిలిండర్లకు నీరు చివరగా అందుట చేత, రెండింటిలో ఒకటి ఎంచవలసివచ్చినప్పుడు వెనుకటి సగమును ఎంచుట మేలు. పొగను మరల లోపలికి పంపు గొట్టమున్న ఇంజనులలో ఆ గొట్టపు మొదలునకు దూరముగా ఉండవలెను. కొన్ని మానిఫోల్డుల మీద నిర్మాతలే ఒక మందపాటి బొడిపెను పోతపోసి, మరచీలతో మూసియుంచెదరు. బర్మా పట్టుటకు ముందు దానికై వెదకుట విజ్ఞుల లక్షణము. అది లేనిచో, బోల్టులకును అంచులకును దూరముగా, ఇనుము మందముగాను చదునుగాను ఉన్న చోటును ఎన్నవలెను. పలుచని చోట తొలిచిన పోతయినుము వేడికి, చలువకు లోనై, ఆ రంధ్రము నుండియే బీటవారును.

శలాక ఎంత లోతున ఉండవలెను? కొస వాయుప్రవాహపు నడుమకు చేరవలెను, ఎదుటి గోడను తాకరాదు. గోడ వాయువుకంటె చల్లనిది. శలాక పొట్టిదైనచో దాని దేహము గుండ వేడి గోడలోనికి పారిపోయి అంకె తగ్గును. నడుమనున్న శలాక సైతము చుట్టునున్న గోడలకు కిరణరూపమున కొంత వేడిని కోల్పోవుచునే యుండును గనుక, చూపు అంకె వాయువు వేడికి ఎప్పుడును కొంచెము తక్కువయే. మీటరు ఎప్పుడును మనలను భయపెట్టదు, బుజ్జగించును అని గుర్తుంచుకొన్నవాడు హద్దును 700 అని గాక 650 అని పెట్టుకొనును. ఘాటులలో తిరుగువారికి నేను ఆ 650నే సూచింతును.

తొలుచుట పనివాని నేర్పుకు పరీక్ష. ఈ శలాకలకు వాడుకలోనున్న ఎనిమిదవ వంతు అంగుళపు గొట్టపు మరకు, సుమారు 8.6 మిల్లీమీటర్ల బర్మాతో తొలిచి ట్యాపు కొట్టవలెను. ఆ పనిలో రాలు ఇనుపరజను లోపల నిలిచిపోయినచో, ఇంజను స్టార్టు చేసిన క్షణముననే టర్బో రెక్కల మీదికి దూకును. విరిగిన శలాక కొసను గూర్చి అంత భయపడువారు ఈ రజను సంగతి మరచుట వింత. టర్బోకు నిజమైన ముప్పు ఇదియే. బర్మాకును ట్యాపునకును గ్రీజు దట్టముగా పూసి, మాటిమాటికి తుడుచుచు, చివర అయస్కాంతముతో లోపల వెదకుట ఒక పద్ధతి. పోతయినుము అయస్కాంతమునకు అంటును గనుక అది కొంతవరకు ఫలించును. ఇంజనును నడుపుచు తొలిచి, వాయువు ఒత్తిడియే రజనును బయటికి ఊదునట్లు చేయువారును కలరు. కాలిన వాయువు చేతికిని కంటికిని ఎదురుగా చిమ్ము ఆ పద్ధతిని నేను సమ్మతింపను. మానిఫోల్డును విప్పి, బల్లమీద బిగించి, తొలిచి, లోపల తుడిచి, క్రొత్త ప్యాకింగుతో మరల బిగించుటకు ఒక పూట పట్టును. ఆ పూటకు వెనుకాడరాదు.

ఇక తీగెలు. శలాక నుండి మీటరు వరకు పోవు తీగె కూడ అదే లోహపు జంటతో చేసినదై యుండవలెను. పొడవు చాలలేదని హారనుకు వాడు రాగితీగెను నడుమ అతికినచో, ఇంజను ప్రక్కనున్న ఆ అతుకే క్రొత్త చల్లని కొస యగును. అచ్చట 90 డిగ్రీలు, డ్యాష్‌బోర్డు వద్ద 45 డిగ్రీలు ఉన్నచో, మీటరు 45 డిగ్రీలు తక్కువ చూపును. శలాకను ఎంత మంచి చోట బిగించినను ఒక్క అతుకుతో ఆ శ్రమ వ్యర్థమగును. తీగెను మానిఫోల్డునకు తగులకుండ, వేడికి తాళు తొడుగులో, కుదుపునకు ఒరయని దారిలో నడుపవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమలైన బీఎస్-6 ప్రమాణముల లారీలకు ఈ చర్చ వేరొక రూపమున వర్తించును. వానిలో ఉష్ణశలాకలు ఫ్యాక్టరీలోనే అమర్చబడియుండును, అదియు సామాన్యముగా టర్బోకు వెనుక, పొగను శుద్ధిచేయు పెట్టెల ముందు వెనుకలను. అచ్చటి ప్రశ్న వేరు. మొదటి పెట్టెలోని ఉత్ప్రేరకము మేల్కొనుటకు 200, 250 డిగ్రీల వేడి చేరినదా? మసిని పట్టు జల్లెడను కాల్చి శుభ్రపరచుటకు 600 దరిదాపునకు పోయినదా? నూటికి 32.5 పాళ్ళు యూరియా గల డెఫ్ ద్రవమును చిమ్మిన వెంటనే అది ఆవిరియై పనిచేయునంత వేడి యున్నదా? ఈ ప్రశ్నలకు టర్బోకు ముందటి అంకె పనికిరాదు; పెట్టె వాకిటి అంకెయే కావలెను. పిస్టనును గూర్చి అడుగువానికి ఒక చోటు, పొగను గూర్చి అడుగువానికి మరియొక చోటు. బీఎస్-6 లారీ మానిఫోల్డును తొలిచి వారంటీని పోగొట్టుకొనుట అనవసరము. ఉన్న శలాకల అంకెలను సర్వీసు కేంద్రములోని స్కానరుతో చదివించుకొనవచ్చును. అంతకుముందటి లారీలు, అనగా మన పసుపును చెరకును నేటికిని మోయుచున్నవానిలో అనేకము, ఈ సదుపాయము లేనివి.

మీటరు బిగించిన తరువాత దానితో చేయు పని సరళమైనది. ఎక్కుడులో ముల్లు 650 దాటుచున్నచో గేరు దింపి, పాదము కొంచెమెత్తి, చుట్లు పెంచవలెను. చుట్లతో పాటు గాలి పెరిగి, ఇంధనపు పాలు తగ్గి, ముల్లు కొన్ని సెకండ్లలో దిగుట కన్నులారా చూడవచ్చును. నిన్నటి దారిలో నిన్నటి లోడుకు ఇవాళ 50 డిగ్రీలు ఎక్కువ చూపినచో ఎయిరు క్లీనరును, గాలి గొట్టములను పరీక్షింపవలెను. ఘాటు దిగి దాబా వద్ద ఆగినప్పుడు, ముల్లు 200కు దిగువకు వచ్చినదాక ఇంజనును ఊరక తిరుగనిచ్చి పిమ్మట ఆపినచో, టర్బో బేరింగులో నిలిచిన ఆయిలు మాడి గట్టిపడకుండ ఉండును.

వేల్పూర్, ఆర్మూర్, బోధను ప్రాంతముల లారీ యజమానులకు నా మనవి ఇది. పంపు పెంచించుటకు డబ్బు ఇచ్చుటకు ముందు, ఆ డబ్బుతో ఒక మేలురకపు ‘కె’ తరగతి శలాకను కొని, మానిఫోల్డును విప్పించి, కొమ్మలు కలియు చోట, టర్బోకు ముందు బిగించుకొనుడు. ముల్లు చూపు అంకెను డ్రైవరునకు నేర్పుడు. ఏ అంకె వద్ద పాదము ఎత్తవలెనో ఎర్రరంగుతో మీటరు మీద గీత గీయుడు. ఆ తరువాత గూడ పంపు పెంచవలెనని తోచినచో, ఎంతవరకు పెంచవచ్చునో ఆ గీతయే చెప్పును.